యోయో లోచ్ మీద ‘వై’ చెరిగిపోయింది. రోగమా, వయసా, షాపువాడి మోసమా?

రెండోట్యాంకు
రెండేళ్ళ కిందట ఆరు యోయో లోచ్ చేపలు తెచ్చాను. నాలుగడుగుల ట్యాంకు, సుమారు 240 లీటర్లు. తెచ్చింది అందం కోసం కాదు, నత్తల్ని తింటాయని. మొక్కలతో పాటు వచ్చిన నత్తలు అద్దమంతా కమ్మేశాయి. అప్పుడు ఒక్కో లోచ్ బొటనవేలంత ఉండేది. ఒంటి మీద ఇంగ్లీషు వై, ఓ, వై, ఓ అని అచ్చు కొట్టినట్టు గీతలు. మా పాప అప్పుడే అక్షరాలు నేర్చుకుంటోంది, వాటికి పేర్లు కూడా తనే పెట్టింది: వై అక్క, ఓ అక్క, డబుల్ ఓ, తోక వై, లావోడు, చిన్నోడు.

ఇప్పుడు వై అక్క మీద వై లేదు. ముందు వై కాలు విడిపోయింది, తర్వాత మధ్యలో చుక్కలు వచ్చాయి, ఇప్పుడు చూస్తే ఒంటి మీద వల కప్పుకున్నట్టు ఉంది. లావోడిది ఇంకో గోల. పొద్దున బాగానే ఉంటాడు. సాయంత్రం మేత వేసే వేళకి ఒళ్ళంతా విభూది పూసుకున్నట్టు అయిపోతాడు, గీతలే కనబడవు. అరగంటలో మళ్ళీ మామూలే. ఒక్క చిన్నోడు మాత్రం కొన్నరోజు ఎలా ఉన్నాడో ఇప్పటికీ అలాగే ఉన్నాడు, గీత చెదరలేదు.

షాపులో అడిగితే ఏదో నీలం మందు సీసా చేతిలో పెట్టి 350 తీసుకున్నాడు. ఇంకా వేయలేదు. పాత ఫోటో, కొత్త ఫోటోలు పెట్టాను. చూసి చెప్పండి.

మీనరాశి
వై పోయి ఓ మిగిలితే ఇక "ఓ" అని ఏడవడమే. సారీ అన్నా, ఆగలేకపోయాను.

నత్తలకాలుడు
ముందు ఆ సీసా పక్కన పెట్టండి. లోచ్‌ల పొలుసులు చాలా చిన్నవి, చర్మంలో కూరుకుని ఉంటాయి. వేరే చేపలు తట్టుకునే మోతాదు వీటికి ఎక్కువైపోతుంది. ఏ రోగమో తెలియకుండా మందు వద్దే వద్దు.

కూకట్‌పల్లిఆక్వా
మోసమే అని నా అనుమానం. కోల్‌కతా నుంచి వచ్చే సంచుల్లో రకరకాల బోటియా పిల్లలు, అంటే యోయోకి చుట్టాలైన లోచ్‌లు, కలిసే వస్తాయి. ఆ సైజులో షాపువాడికే తేడా తెలియదు, అన్నిటికీ యోయో అని ఒకే రేటు. మీ వై అక్క ఇంకేదో జాతి అయి ఉంటుంది.

బోటియాబాబాయ్
ఫోటోలు పెద్దవి చేసి చూశాను. ఆరూ ఒకే రకం, యోయోనే. కంగారు పడకండి.

యోయో పిల్లగా ఉన్నప్పుడు వెండిరంగు ఒంటి మీద నల్ల పట్టీలు విడివిడిగా ఉంటాయి. రెండు పట్టీలు కింద కలిస్తే వైలా, పైన కూడా కలిస్తే ఓలా కనబడుతుంది. చేప పెరిగేకొద్దీ పట్టీల మధ్య ఖాళీల్లో కొత్త గీతలు, చుక్కలు వస్తాయి. ఉన్న పట్టీ మధ్యలో పలచబడి రెండుగా చీలుతుంది. చివరికి అక్షరం పోయి వల మిగులుతుంది. మీరు "వల కప్పుకున్నట్టు" అన్నారే, దానికంటే బాగా ఎవరూ చెప్పలేరు. ఆరూ ఒకేసారి మారవు. ఒకటి ఏడాదికే మారుతుంది, ఇంకోటి మూడేళ్ళకి. ఎడమపక్క ఒక రకంగా, కుడిపక్క ఇంకో రకంగా కూడా ఉంటుంది.

మా ఇంట్లో ఎనిమిది ఉండేవి. పెద్దవైన వాటి మీద అక్షరాలు వెతికితే దొరికేవి కావు. వచ్చిన చుట్టాలు "యోయో అంటావు, ఏదీ?" అనేవాళ్ళు.

బూడిదరంగు సంగతి పూర్తిగా వేరు. అది రాత్రి ఇంటికొచ్చి చెబుతాను, ఇప్పుడు ఆఫీసులో ఉన్నా.

కూకట్‌పల్లిఆక్వా
బాబాయ్, అల్మోరే, లోహచాట రెండు జాతులు కదా? అక్షరాలు నిలబడేది లోహచాట, వల వచ్చేది అల్మోరే అని విన్నాను. అదే నా పాయింటు.

కొత్తచేప
అల్మోరే అంటే? ఊరు పేరులా ఉందే.

బోటియాబాబాయ్
ఊరే. ఉత్తరాఖండ్‌లోని అల్మోరా. 1831లో గ్రే అనే శాస్త్రవేత్త ఆ ఊరి పేరుతో బోటియా అల్మోరే అని పెట్టాడు. 1912లో చౌధురి బోటియా లోహచాట అని ఇంకో పేరు పెట్టాడు. రెండూ ఒకటేనని కొందరు, కాదని కొందరు. ఆ గొడవ మనం తీర్చేది కాదు. కానీ ఆక్వా గారూ, ఒక ఇబ్బంది ఉంది. ఆయన పెట్టిన పాత ఫోటోలో వై అక్క మీద అక్షరం ఎంత చక్కగా ఉందో చూడండి. ఆ రోజు లోహచాట, ఈ రోజు అల్మోరేనా? చేప జాతి మార్చుకోదు కదా.

కూకట్‌పల్లిఆక్వా
సరే, పాత ఫోటో నేను సరిగ్గా చూడలేదు. షాపులవాళ్ళ మీద నా అభిప్రాయం మాత్రం మారదు.

కొళత్తూర్‌కుర్రాడు
షాపువాళ్ళనే అంటారేంటి అందరూ. చెన్నై కొళత్తూర్‌లో మా మావయ్యకి షాపు ఉంది. యోయోల్లో ఒక్కోసారి వేరే పిల్ల కలిసిపోయి వస్తుంది, నిజమే. కానీ అది మాకు నష్టమే, ఆ కలిసిపోయినది ఒక్కోసారి ఖరీదైన రకం. అడిగేవాళ్ళు "వై కనబడేది ఇవ్వండి" అని ఏరుకుంటారు. ఏడాది తర్వాత వచ్చి వై ఏదీ అంటారు. మేమేం చెయ్యాలి, స్కెచ్ పెన్ను పెట్టుకోవాలా?

మీనరాశి
స్కెచ్ పెన్ను జోకు కాదు బ్రో. గాజుచేపలకి సూదితో రంగు ఎక్కించి అమ్మలేదూ? గులాబీ, ఆకుపచ్చ, నిమ్మపండు రంగు. చిన్నప్పుడు నేను కొన్నాను, కొన్ని నెలల్లో రంగు వెలిసిపోయి ఒళ్ళంతా గాజులా మిగిలింది. నాన్న అయితే "ఉతికావా?" అని అడిగారు.

పచ్చనాచు
అవి మన నీళ్ళలో ఉండే చేపలే. పాపం సూదులు గుచ్చితే చాలా చేపలు చచ్చిపోయేవి. ఆ రకం కొనకండి ఎవరూ.

రెండోట్యాంకు గారూ, ఈ మధ్య ట్యాంకులో అడుగున ఏమైనా మార్చారా? మా ఇంట్లో నల్ల గులకరాళ్ళు తీసి తెల్ల ఇసుక వేశాను. వారం తిరక్కుండానే లోచ్‌లన్నీ పాలిపోయాయి. నేనూ మీలాగే టెన్షన్ పడ్డాను. మళ్ళీ ముదురు రంగు ఇసుక వేశాక నలుపు తిరిగొచ్చింది. అడుగు తెల్లగా, లైటు గట్టిగా ఉంటే వాటికి దాక్కోవడానికి ఉన్న దారి అదొక్కటే.

రెండోట్యాంకు
అడుగున గోధుమరంగు ఇసుకే, రెండేళ్ళుగా అదే. లైటు కూడా మార్చలేదు.

డాలస్‌ట్యాంకు
మా ఇంట్లో ఉన్నవి క్లౌన్ లోచ్‌లు. నారింజ ఒంటి మీద మూడు నల్ల పట్టీలు. సుమత్రా, బోర్నియో నదుల చేప, 30 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, సరిగ్గా చూసుకుంటే ఇరవై ఏళ్ళు దాటి బతుకుతుంది. పెళ్ళికి ముందు కొన్నాను, ఇప్పుడు మా వాడు మిడిల్ స్కూలు.

వాటిలో ఒకదానికి మధ్య పట్టీ సగం దాకా వచ్చి ఆగిపోయింది. ఇంకోదానికి పట్టీ మధ్యలో నారింజ చుక్క, చెరువు మధ్య లంకలా. కొన్నప్పుడు ఎలా ఉందో ఇప్పటికీ అంతే, ఇసుమంత కూడా మారలేదు. అంటే పుట్టుకతో వచ్చిన వింత వేరు, వయసుతో వచ్చే మార్పు వేరు. క్లౌన్‌లలో మొదటిది ఎక్కువ, బోటియాల్లో రెండోది ఎక్కువ. ఇది నేను చూసినంతలో.

ఇంకో సంగతి. కడుపు కింది రెక్కలు పూర్తిగా నారింజగా ఉంటే సుమత్రా చేప, నలుపు కూడా కలిస్తే బోర్నియో చేప అంటారు. నా వాటిలో రెండూ ఉన్నాయి.

గోదారిగట్టు
మా అమ్మ, పాముల్లా సన్నగా ఉండే కూలీ లోచ్‌లని చూసి "బొమ్మిడాయి పిల్లలని అద్దాల పెట్టెలో పెట్టావేంట్రా, పులుసుకి ఎప్పుడు వస్తాయి?" అంది. ఆ రోజు నుంచి అమ్మ ఉన్నప్పుడు ట్యాంకు మూత తీయను.

పచ్చనాచు
అమ్మగారిది మరీ తప్పు కాదు. బోటియా డారియోని బంగ్లాదేశ్‌లో రాణీ మాచ్ అని కూర వండుకుంటారు. మనం అక్వేరియంలో పెట్టి క్వీన్ లోచ్ అంటున్నాం. ఎక్కడైనా రాణీయే.

గోదారిగట్టు
ఈ మాట అమ్మకి చెప్పను.

శివమొగ్గతెలుగు
గీతలు మారడంలో జీబ్రా లోచ్ అన్నిటికంటే ముందు. చిన్నప్పుడు వెడల్పు పట్టీలు, పెద్దయ్యాక ఒక్కో పట్టీలోంచి సన్న గీతలు చీలి, లెక్క పెట్టలేం. మా ఇంట్లో ఐదు, ఐదింటివీ ఐదు తీర్లు. వేలిముద్ర లాగే.

ఈ చేపకి బోటియా స్ట్రయాటా అని పేరు పెట్టింది సి. ఆర్. నారాయణరావు, 1920లో. దొరికింది మా ఊరి తుంగలోనే. ఆ తుంగే భద్రతో కలిసి, కర్నూలు మీదుగా వెళ్ళి మీ కృష్ణలో కలుస్తుంది. పడమటి కనుమల్లో తప్ప ఈ చేప ఇంకెక్కడా లేదు, అంతరించే ప్రమాదం ఉన్న జాతుల జాబితాలో ఉంది. షాపుల్లో కనబడేవి చాలావరకు ఏట్లో పట్టి తెచ్చినవే. అందుకే నేను ఇక కొనడం మానేశాను. ఉన్న ఐదింటినీ చూసుకుంటున్నాను.

మీనరాశి
నా యోయో కుడిపక్కన తెలుగు అక్షరం ఉంది. గుండ్రం, మధ్యలో చుక్క. ‘ఠ’. ఒట్టు. ఫోటో పెట్టాను.

నత్తలకాలుడు
ఠారెత్తించావు కదయ్యా.

కొత్తచేప
నిజంగానే ఠ లాగే ఉంది!! నా దాని మీద ఏముందో ఇప్పుడే వెళ్ళి చూస్తా.

బోటియాబాబాయ్
వచ్చాను. లావోడి బూడిద సంగతి.

ఇది జబ్బు కాదు, పెత్తనం. లోచ్‌లు గుంపు చేపలు, గుంపులో పెద్దరికం కోసం మాటిమాటికీ తగాదా పడతాయి. రెండు చేపలు పక్కపక్కన చేరి, ఒకదాని మీద ఒకటి ఒరుగుతూ, ట్యాంకంతా గిరగిరా తిరుగుతాయి. ఆ సమయంలో ఒంటి రంగు వెలిసి బూడిదై, గీతలు మసకబారతాయి. ఇది యోయోల్లో, క్లౌన్‌లలో అందరూ చూసేదే. చెవి అద్దానికి ఆనిస్తే టక్ టక్ మని చప్పుడు కూడా వినబడుతుంది.

రంగు అంత తొందరగా ఎలా మారుతుందంటే, చర్మంలో నల్లరంగు కణాలు ఉంటాయి. లోపలి రేణువులు కణమంతా పరుచుకుంటే గీత నల్లగా కనబడుతుంది, మధ్యకి ముద్దగా చేరితే వెలిసినట్టు ఉంటుంది. దీనికి నిమిషాలు చాలు. పచ్చనాచు గారి తెల్ల ఇసుక సంగతి మొదలయ్యేదీ ఇలాగే. వై అక్క మీద గీతలు చీలడం ఇలాంటిది కాదు, అక్కడ కణాల అమరికే మారుతోంది. అది వెనక్కి రాదు.

కాబట్టి ఒకే ప్రశ్న వేసుకోండి: గంటలో తిరిగొస్తోందా? వస్తే గొడవ. నెలల తరబడి మెల్లగా మారుతోందా? అయితే వయసు. రోజంతా పాలిపోయి, మూల కూర్చుని, మేతకి రాకపోతే అప్పుడు భయపడాలి. అప్పుడు కూడా ముందు నీళ్ళలో అమ్మోనియా, నైట్రైట్ పరీక్ష చేయండి, మందు కాదు.

రెండోట్యాంకు
బాబాయ్ గారూ, ఇప్పుడే మేత వేసి చెవి ఆనించాను. టక్ టక్! నిజం! లావోడూ డబుల్ ఓ తిరుగుతున్నారు, ఇద్దరూ బూడిదే. మా పాప కూడా విన్నది. "తిట్టుకుంటున్నాయి నాన్నా" అంది.

కొత్తచేప
నా దాని మీద అక్షరాలేం లేవు. కానీ పక్కకి పడి ఉంది, ఊపిరి మాత్రం ఆడుతోంది. చచ్చిపోతోందా? ప్లీజ్ ఎవరైనా త్వరగా చెప్పండి.

నత్తలకాలుడు
నిద్రపోతోంది. లోచ్‌లు అలాగే పడుకుంటాయి, కొన్ని వెల్లకిలా కూడా. లైటు వేసి అద్దం మీద వేలితో తట్టండి.

కొత్తచేప
లేచింది. నా వైపు చూసి మళ్ళీ పడుకుంది.

డాలస్‌ట్యాంకు
మొదటిసారి నేనూ వల పట్టుకుని పరిగెత్తాను. ఆ వలలోనే చిక్కింది. కంటి కింద ముల్లు ఉంటుంది వీటికి, భయపడితే బయటికి తెరుచుకుని దారాలకి పట్టేస్తుంది. గంట కూర్చుని కత్తెరతో వల కోశాను. ప్లాస్టిక్ డబ్బాతో పట్టండి, వల వద్దు. ఆ పెనుగులాటలో బుగ్గ గీసుకుంది, మానేటప్పుడు అక్కడ నల్లమచ్చ వచ్చింది. కొన్ని వారాలకి దానంతట అదే పోయింది. అలా వచ్చే మచ్చలు కూడా ఉంటాయి, లెక్కలో పెట్టుకోండి.

శివమొగ్గతెలుగు
ఒక్క మాట. ఎవరూ పట్టించుకోలేదు గానీ, చిన్నోడి ఫోటో ఇంకోసారి చూడండి. మూడోది, పక్కనుంచి తీసినది. తల వెనక, వీపు దగ్గర గుంట పడలేదూ? కడుపు కూడా లోపలికి పోయినట్టుంది. రెండోట్యాంకు గారూ, వాడు ఎంత పొడవున్నాడు?

రెండోట్యాంకు
స్కేలు అద్దానికి పెట్టి చూశాను. లావోడు 11 సెంటీమీటర్లు. వై అక్క 10. చిన్నోడు 5 ఉంటాడేమో. పేరే చిన్నోడు కదా, రకమే అంత అనుకున్నాం. బాగానే తింటాడు కూడా.

బోటియాబాబాయ్
శివమొగ్గ గారికి దండం. నేను మూడుసార్లు చూశాను ఆ ఫోటో, గీతలే చూశాను గానీ చేపని చూడలేదు.

రెండేళ్ళకి 5 సెంటీమీటర్లంటే పెరుగుదల ఆగిపోయింది. గీతలు మారేది ఒంటి సైజుతో పాటు. వాడి వై చెక్కుచెదరకపోవడానికి కారణం అదే అయి ఉంటుంది. మారినవి ఆరోగ్యంగా ఉన్నాయి, మారనిదే జబ్బుగా ఉంది. తింటూ చిక్కిపోతున్నాడంటే కడుపులో పురుగులు అనుకోవాలి. ఏట్లో పట్టిన లోచ్‌లలో ఇది చాలా మామూలు.

నత్తలకాలుడు
ఉప్పు వేస్తే పోతుంది.

పచ్చనాచు
ఉప్పుకి కడుపులో పురుగులు పోవు. మొక్కలు మాత్రం పోతాయి.

నత్తలకాలుడు
సరే సరే. తెల్లచుక్కల రోగం వచ్చినప్పుడు వాడాను, ఆ అలవాటులో అన్నాను. పైన మందు వద్దన్నదీ నేనే, ఇప్పుడు ఉప్పన్నదీ నేనే.

బోటియాబాబాయ్
లెవామిసోల్. గుండ్రటి పురుగులకి పక్షవాతం తెప్పిస్తుంది, చేప వాటిని బయటికి పంపేస్తుంది. లోచ్‌లు పెంచేవాళ్ళు ఎక్కువగా వాడే మోతాదు లీటరు నీటికి 2 మిల్లీగ్రాములు. ఇసుక, రాళ్ళు తీసేస్తే మీ ట్యాంకులో నీళ్ళు 200 లీటర్లే ఉంటాయి, అంటే 400 మిల్లీగ్రాములు. పశువుల మందుల షాపులో దొరికే వాటిలో ఒక్కోదానిలో ఒక్కో శాతం ఉంటుంది, చీటీ చదివి అసలు మందు ఎంతో లెక్క కట్టండి. లెక్కలో సందేహం ఉంటే పశువుల డాక్టర్‌ని అడగండి, మొహమాటం వద్దు. ఫిల్టర్‌లో కార్బన్ ఉంటే తీసేయండి. లైటు ఆపేయండి, వెలుగుకి ఆ మందు చెడిపోతుంది. 24 గంటల తర్వాత అడుగంతా సైఫన్ గొట్టంతో లాగి, సగానికి పైగా నీళ్ళు మార్చండి. రెండు మూడు వారాలకి ఇంకోసారి. ఆరింటికీ కలిపి, చిన్నోడికి ఒక్కడికే కాదు.

కొళత్తూర్‌కుర్రాడు
కొత్త నీళ్ళకి క్లోరిన్ తీసే మందు మర్చిపోకండి. ఆ తొందరలో అదే మర్చిపోతారు అందరూ.

మీనరాశి
నేను జోకులు వేసిన చేప ఇదా... చిన్నోడు బాగుపడ్డాక చెప్పండి అన్నా.

కూకట్‌పల్లిఆక్వా
ఆ నీలం సీసా తిరిగిచ్చేసి 350 అడగండి. అది మాత్రం వదలొద్దు.

రెండోట్యాంకు
మూడు రోజుల తర్వాత రాస్తున్నాను. మొదటి విడత అయింది. సైఫన్ లాగేటప్పుడు బకెట్లో సన్నటి ఎర్రదారాల్లాంటివి రెండు కనబడ్డాయి. ఫోటో పెట్టడం లేదు, భోజనాల వేళ. ఎవరికీ ఏమీ కాలేదు, లావోడు పొద్దున్నే మళ్ళీ తగాదా మొదలెట్టాడు. సీసాకి డబ్బు ఇవ్వలేదు, మేత ప్యాకెట్ ఇచ్చాడు.

శివమొగ్గతెలుగు
చిన్నోడికి మేత రోజుకి రెండుసార్లు కొంచెం కొంచెంగా పెట్టండి. లైటు ఆపేశాక ఒకసారి వేస్తే లావోడి కంట పడకుండా తింటాడు. నెలకోసారి స్కేలు పెట్టి అదే పక్కనుంచి ఫోటో తీయండి. ఎడమపక్క అంటే ప్రతిసారీ ఎడమపక్కే.

డాలస్‌ట్యాంకు
ఈ చర్చ మూసేయకండి. నాలుగు నెలలకి చూద్దాం.

రెండోట్యాంకు
నాలుగు నెలలు కాదు, ఐదు అయింది. రెండో విడత కూడా చేశాను. చిన్నోడు 7 సెంటీమీటర్లు దాటాడు, వీపు మీద గుంట లేదు. ఇవాళ పొద్దున ఎడమపక్క ఫోటో తీసి పాతదాని పక్కన పెట్టి చూస్తే, వై కాలు విడిపోవడం మొదలైంది. రెండు పట్టీల మధ్య రెండు చుక్కలు కూడా వచ్చాయి. నేను ఇంట్లో ఎగిరి గంతేశాను. మా పాప మాత్రం "ఇక వాడి మీద కూడా ఏమీ చదవలేం" అని అలిగి కూర్చుంది.

మీనరాశి
పాపకి నా ‘ఠ’ ఫోటో చూపించండి. అది ఇంకా ఉంది. మధ్యలో చుక్క కాస్త పెద్దదైంది.

కొత్తచేప
ఇంతకీ నత్తలు పోయాయా? మొదట అందుకే తెచ్చాను అన్నారు కదా.

రెండోట్యాంకు
మొదటి నెలలోనే ఒక్కటి మిగలకుండా తినేశాయి. ఇప్పుడు వీటి కోసమే బాల్కనీలో బకెట్ పెట్టి నత్తలు పెంచుతున్నాను.